నవల మొదటి అధ్యాయం ఎక్కడ మొదలుపెట్టాలి? ముంపు ఊరి నవల రాస్తున్న మిత్రులకు ఒక సమాధానం

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. శ్రీశైలం జలాశయంలో మునిగిపోయిన ఒక ఊరి మీద మీరు నవల రాస్తున్నారు. మొదటి అధ్యాయాన్ని ఇప్పటికే చాలాసార్లు తిరగరాశారు. చదివినవాళ్లు మాత్రం ‘‘తర్వాత బాగుంది గానీ మొదలు నెమ్మదిగా ఉంది’’ అంటున్నారు. ఊరి చరిత్రతో ఎత్తుకోవాలా, లేక వేసవిలో నీళ్లు తగ్గినప్పుడు ఒక ముసలాయన అక్కడికి వచ్చి గతాన్ని తలచుకోవడంతో ఎత్తుకోవాలా అన్నది మీ సందేహం. ఆ అధ్యాయాన్ని ఎవరికి చూపించాలని కూడా అడిగారు.

సూటిగా చెప్పాలంటే ఆ రెండింటితోనూ వద్దు. ఒక మనిషికి ఇవాళ చెయ్యక తప్పని పని ఒకటి పడాలి, దానికి ఒక అడ్డు రావాలి, ఆ అడ్డు వెనుక ఉన్న కారణం పాఠకుడికి సగమే తెలియాలి. మొదటి అధ్యాయం ఈ మూడూ చేస్తే చాలు. ఊరి చరిత్ర, వంశవృక్షం, నది పుట్టుక, ఆనకట్ట రాజకీయం వంటివన్నీ తర్వాత వచ్చినా నవలకు నష్టం ఉండదు. పైగా పాఠకుడు వాటి కోసం ఎదురుచూసే స్థితికి చేరుకున్నాక వస్తే వాటి విలువ పెరుగుతుంది. నేను నవలలు రాస్తాను, ఇతరుల రాతప్రతులు దిద్దుతాను, అప్పుడప్పుడూ పోటీలకు వచ్చిన నవలలు చదివి పెడతాను. ఇక్కడ చెప్పేదంతా ఆ అనుభవం నుంచి వచ్చినదే కాబట్టి దీన్ని శాసనంగా కాక ఒక వృత్తిపనివాడి అలవాటుగా తీసుకోండి.

మీ మిత్రులు వాడిన ‘నెమ్మది’ అన్న మాటను ముందు సరిగా అర్థం చేసుకోవాలి. పాఠకుడికి నిదానంగా సాగే కథతో పేచీ ఏమీ లేదు. ఒక ముసలమ్మ పొయ్యి రాజేసి, సంకటి కెలికి, గిన్నె దించే వరకు రెండు పేజీలు రాసినా చదువుతాడు, ఆ సంకటి ఎవరి కోసమో, ఆ మనిషి వస్తాడో రాడో తెలియని పక్షంలో. అతనికి ఇబ్బంది కలిగేది ఎవరి వెంట నడవాలో తెలియనప్పుడు. ఊరి చరిత్రతో మొదలైన అధ్యాయంలో నడిచే మనిషి ఉండడు. రచయిత ఒక్కడే నిలబడి మాట్లాడుతుంటాడు. మీరు అందులోంచి వాక్యాలు తీసేసి కుదించినా, సంభాషణలు చేర్చినా ఆ లోపం పోదు. ఇన్నిసార్లు తిరగరాసినా ఫలితం మారకపోవడానికి కారణం అదే అయి ఉంటుంది.

దీనికి వెంటనే ఒక ఎదురుప్రశ్న వస్తుంది. మన పెద్దవాళ్లు వర్ణనతోనే మొదలుపెట్టారు కదా అని. నిజమే. 1878లో ధారావాహికగా వెలువడడం మొదలైన కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ గోదావరి పుట్టుకతో, ధవళగిరి వర్ణనతోనే మొదలవుతుంది. అయితే ఆనాటి పాఠకుడు ప్రబంధాలు చదివినవాడు, పురవర్ణన లేకపోతేనే వెలితి పడేవాడు. నవల అనే కొత్త ప్రక్రియలోకి అతన్ని పాత వాకిలి గుండానే తీసుకువెళ్లవలసి వచ్చింది. మీ పాఠకుడికి ఆ అవసరం లేదు.

అసలు ప్రబంధాలను కూడా మనం పైపైన చూసి ‘వర్ణనలు’ అని పక్కన పెట్టేస్తాం. మనుచరిత్ర ఆరంభాన్ని కథకుడి కన్నుతో ఒకసారి చదవండి. ప్రవరుడి అందం, ఆచారం, అగ్నిహోత్రం, ఇల్లు, ఇల్లాలు, అతిథిపూజ అన్నీ నిండుగా వస్తాయి. ఇక్కడితో ఆగితే అది గుణగణాల జాబితా అయి ఉండేది. కానీ పెద్దన అతనికి ఒక కోరిక పెట్టాడు. తీర్థాలు తిరిగి వచ్చినవాళ్లెవరైనా కనిపిస్తే ఎంత దూరమైనా ఎదురువెళ్లి ఇంటికి తెచ్చుకుని ఆ విశేషాలన్నీ అడిగి తెలుసుకునే మనిషి అతను. తాను మాత్రం నిత్యకర్మలు విడిచి కదలలేడు. కోరిక ఒకవైపు, దాన్ని కట్టిపడేసే ధర్మం ఒకవైపు. సరిగ్గా ఆ సమయంలో సిద్ధుడు, కాళ్లకు పూసుకుంటే కోరిన చోటికి చేర్చే పాదలేపం పట్టుకుని వస్తాడు. వరూధిని ఇంకా కథలోకి రాకముందే కథ అంతా తయారైపోయింది. లేపం మంచులో కరిగిపోవడం కథను నడిపించే సంఘటన కావచ్చు, కానీ ఆ సంఘటనకు బరువు వచ్చింది మొదట్లో నాటిన ఆ ఇరకాటం వల్లనే. ఇంత పాత కావ్యం నుంచి మొదటి అధ్యాయం గురించి ఇంతకన్నా మంచి పాఠం నాకు దొరకలేదు.

ఇప్పుడు మీ నవల దగ్గరకు వద్దాం. మీరు పంపిన ఆరంభం నది ఒడ్డున పచ్చని పొలాలతో, ఊరికి ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పడంతో, తాతగారి తాత అక్కడికి వలస రావడంతో సాగింది. దాని స్థానంలో నేనైతే ఎలా ఎత్తుకుంటానో నాలుగు వాక్యాల్లో చూపిస్తాను. ఇది నమూనా మాత్రమే, మీరు వాడుకోవాలని కాదు.

‘‘కరణం టేపు కొస నరసింహులు చేతికిచ్చి గోడ చివరిదాకా పొమ్మన్నాడు. మిద్దె పొడవు రాసుకున్నాడు, వెడల్పు రాసుకున్నాడు, లోపలికి వెళ్లి తల పైకెత్తి దూలాలు, దంతెలు లెక్కపెట్టుకున్నాడు. పెరట్లో చింతచెట్టు దగ్గరికి వచ్చేసరికి అవ్వ అడ్డంగా నిలబడి, ‘అది మాది కాదు, రాయొద్దు’ అంది. చెట్టుకు వేరే డబ్బులు ఇస్తారని ఆమెకు పొద్దున్నే చెప్పి ఉన్నాడు నరసింహులు.’’

ఇందులో ఆనకట్ట అన్న మాట లేదు, ముంపు అన్న మాట లేదు, నష్టపరిహారం అన్న మాట కూడా లేదు. అయినా ఈ ఇల్లు ఎవరో తీసుకోబోతున్నారని, దానికి లెక్క కడుతున్నారని పాఠకుడికి తెలిసిపోయింది. కరణం ఉన్నాడు కాబట్టి 1984లో గ్రామాధికారుల వ్యవస్థ రద్దు కావడానికి ముందు కాలమని గ్రహించేవాడు గ్రహిస్తాడు. ఇదే దృశ్యం నదికి అవతలి గట్టున, మహబూబ్‌నగర్ వైపు జరిగితే కరణం స్థానంలో పట్వారీ రావాలి. ఒక్క మాటతో మీరు ఏ గట్టున ఉన్నారో చెప్పినట్టు అవుతుంది. వీటన్నిటికన్నా ముఖ్యం ఆ అవ్వ మాట. వచ్చే డబ్బును ఎందుకు వద్దంటోంది? చెట్టు నిజంగా వేరేవాళ్లదా? లెక్కలో రాస్తే చెట్టు పోయినట్టేనని అనుకుంటోందా? దాని కింద ఏదైనా ఉందా? మనవడు నరసింహులుకు తెలుసా? ఈ ప్రశ్నల్లో ఏ ఒక్కటీ ‘తర్వాత ఏమైంది’ అన్న రకం కాదని గమనించండి. అన్నీ ‘ఈ మనిషి ఇలా ఎందుకు చేసింది’ అన్న రకం. నవల పొడుగునా పాఠకుణ్ణి లాక్కుపోయే శక్తి ఈ రెండో రకం ప్రశ్నకే ఎక్కువ.

ఇక్కడ ఒక హెచ్చరిక. చింతచెట్టు సంగతి మీరు కథలో చివరిదాకా పట్టించుకోగలిగితేనే అలా మొదలుపెట్టాలి. పాఠకుణ్ణి కూర్చోబెట్టడానికి ఒక వింత పెట్టి, రెండో అధ్యాయం నుంచి దాన్ని మరిచిపోయే రాతప్రతులు చాలా చూశాను. మొదటి పేజీలో శవం తేలుతుంది, ఎవరిదో తెలిసేసరికి అది కథకు సంబంధం లేని మనిషిది అవుతుంది. వారపత్రికల ధారావాహికల కాలంలో ప్రతి వారం చివర ‘ఇంకా ఉంది’ ముందు ఒక కుదుపు పెట్టక తప్పేది కాదు, ఎందుకంటే పాఠకుడు మళ్లీ వారానికి గాని పత్రిక కొనడు. పుస్తకం చేతిలో ఉన్న పాఠకుడికి ఆ కుదుపు అక్కర్లేదు. అతనికి కావలసింది రచయిత తనను మోసం చేయడన్న నమ్మకం.

ముసలాయన, నీళ్లలోంచి బయటపడ్డ గుడి, గతస్మృతి అన్న మీ రెండో ఆలోచన గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అది చాలా ఆకర్షించే ఆలోచన. సంగమేశ్వరం దగ్గర జలాశయం నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు వేసవిలో ఆలయం బయటపడడం, జనం వెళ్లి పూజలు చేయడం, మళ్లీ వానాకాలంలో అది మునిగిపోవడం కళ్లారా చూసినవారెవరికైనా నవల అక్కడే మొదలుపెట్టాలని అనిపిస్తుంది. ఆ దృశ్యంలో తప్పు లేదు. తప్పంతా ముసలాయన దగ్గర ఉంది. అతను అక్కడికి ఎందుకు వచ్చాడంటే తలచుకోవడానికి వచ్చాడు. తలచుకోవడం పని కాదు. అతను ఒడ్డున కూర్చుని కళ్లు మూసుకోగానే ‘గతం కళ్ల ముందు కదలాడింది’ అన్న వాక్యం వస్తుంది, ఆ తర్వాత మూడువందల పేజీల పాటు అతను కళ్లు తెరవడు. చివరి పేజీలో మనవరాలు వచ్చి ‘‘తాతయ్యా, పోదాం పదండి’’ అంటుంది. ఈ చట్రం ఎంత అరిగిపోయిందంటే, పోటీకి వచ్చిన నవలల్లో మొదటి పేజీ చదవగానే చివరి పేజీ ఏమిటో చెప్పేయవచ్చు.

అదే ముసలాయన ఒక పని మీద వస్తే అంతా మారిపోతుంది. నీళ్లు తగ్గి ఊరి పునాదులు బయటపడ్డ ఆ కొద్ది రోజుల్లో తన ఇంటి జాగా ఎక్కడో గుర్తుపట్టి, ఎవరికో చూపించి, ఒక కాగితం మీద సంతకం పెట్టించాలి. లేదా తన అన్న పాతిపెట్టానని చెప్పినది నిజంగా ఉందో లేదో తేల్చుకోవాలి. గడువు వానలు పడే వరకు. అలా అయితే మునిగిన ఊరి కథ అతని అన్వేషణకు అవసరమైనప్పుడల్లా ముక్కలుగా బయటకు వస్తుంది, వర్తమానం కూడా కదులుతూ ఉంటుంది. ఇంకొక చిక్కు కూడా ఉంది. శ్రీశైలం నవల అనగానే ఊరు మునిగిపోతుందని పాఠకుడికి అట్ట చూడగానే తెలుసు. అతనికి ముందే తెలిసిన ముగింపును దాచిపెట్టి ఉత్కంఠ సృష్టించాలనుకోవడం వృథా శ్రమ. ఎవరు ముందు వెళ్లిపోయారు, ఎవరు చివరిదాకా ఉండిపోయారు, ఒకే ఇంట్లో పరిహారం ఎవరి చేతికి వచ్చింది, ఎవరి పేరు జాబితాలో లేకుండా పోయింది అన్న వాటి మీద మొదటి అధ్యాయం నుంచే దృష్టి పెడితే ఊరు మునగడం కన్నా పెద్ద విషయాలు మీ చేతికి వస్తాయి.

మీరు కష్టపడి సేకరించిన సమాచారం సంగతేమిటని అడుగుతారు. 1960లో ఆనకట్ట పని మొదలవడం, 1980ల తొలినాళ్లలో జలాశయం నిండుతూ ఉండగా ఊళ్లు ఖాళీ కావడం, కూడవెల్లిలోని మరో సంగమేశ్వరాలయాన్ని విప్పి తీసుకువెళ్లి అలంపురంలో తిరిగి నిలబెట్టడం మీ ప్రతిలో ఒకే పేరాలో ఉన్నాయి. చివరిదాన్ని చూడగానే నాకు ప్రాణం లేచివచ్చింది. దేవుడి ఇంటిని రాళ్లతో సహా తరలించారు, మనుషుల ఇళ్లను లెక్కగట్టి వదిలేశారు అని ఏ పాత్ర అయినా అనవచ్చు. అయితే ఆ మాట అనే మనిషిని మనం అప్పటికే ఎరిగి ఉండాలి, వాళ్ల ఇల్లు మనం చూసి ఉండాలి. మొదటి పేజీలో అది వార్త, ఐదో అధ్యాయంలో అది గుండెకోత. ఏ సమాచారాన్నయినా మొదటి అధ్యాయంలో ఉంచాలా వద్దా అనడానికి నేను వాడే పరీక్ష ఒకటే: ఇది తెలియకపోతే ఇప్పుడు జరుగుతున్న దృశ్యం అర్థం కాకుండా పోతుందా? పోదు అనుకుంటే అది వేరే కాగితం మీదికి వెళ్లిపోవాలి. అలా తీసి పక్కన పెట్టినవాటిలో దాదాపు అన్నీ నవలలో ఎక్కడో ఒకచోట తమ చోటు వెతుక్కుంటాయి.

నేను దిద్దిన ఒక రాతప్రతి సంగతి చెబుతాను. చేనేత కుటుంబం మీద రాసిన నవల అది. రచయిత్రి స్వయంగా ఆ కుటుంబం నుంచి వచ్చినవారు. మొదటి రెండు అధ్యాయాల్లో మగ్గం చరిత్ర, ఊళ్లో మగ్గాల సంఖ్య తగ్గిపోవడం, నూలు ధరలు, సహకార సంఘం ఎలా దెబ్బతిన్నదీ ఉన్నాయి. మూడో అధ్యాయం మధ్యలో ఒక దృశ్యం వచ్చింది. నేసిన చీర మడత పట్టుకుని భర్త షావుకారు ఇంటికి వెళతాడు. షావుకారు చీరను విప్పి వాకిలి వెలుతురుకు అడ్డంగా పట్టి, ఏమీ మాట్లాడకుండా ఒకచోట వేలు పెట్టి ఆపుతాడు. పోగు తప్పింది. మజూరీలో కోత. భర్త తలవంచుకుని ఇచ్చింది తీసుకుని వచ్చేస్తాడు. ఆ పోగు తప్పిన చోట మగ్గం మీద కూర్చున్నది తానని భార్యకు తెలుసు, భర్తకూ తెలుసు, ఆ రాత్రి ఇద్దరూ దాని ఊసెత్తరు. నేను ఆ దృశ్యాన్ని తెచ్చి మొదట పెట్టమన్నాను. ఆవిడ మొదట ఒప్పుకోలేదు, ‘‘మగ్గం అంటే తెలియనివాళ్లకు ఏం అర్థమవుతుంది?’’ అని అడిగారు. పోగు అంటే ఏమిటో తెలియనివాడికి కూడా వేలు ఆగిన క్షణం అర్థమవుతుంది. ఆ తర్వాత మగ్గం గురించి ఎంత చెప్పినా వింటాడు. చివరికి మొదటి రెండు అధ్యాయాల్లోని చాలా భాగం భార్య మగ్గం మీద కూర్చున్నప్పటి ఆలోచనలుగా, సంఘం సమావేశంలో తగాదాగా మారి నవలలో కలిసిపోయింది.

ఈ అనుభవం తర్వాత రాతప్రతి ఎవరు తెచ్చినా ముందుగా చేసే పని, మొదటి అధ్యాయం పక్కన పెట్టి రెండో అధ్యాయం నుంచి చదవడం. కథ అర్థమైతే మొదటిది రచయిత తన కోసం రాసుకున్నదని లెక్క. మీరు కూడా మీ ప్రతిని ఒకసారి అలా చదివి చూడండి.

తెలుగులో రాసేటప్పుడు ఎదురయ్యే కొన్ని చిక్కుల గురించి చెప్పాలి. మొదటిది సర్వనామం. మొదటి పేజీలో మీరు నరసింహులును ‘వాడు’ అంటారా, ‘అతను’ అంటారా, ‘ఆయన’ అంటారా అన్నదానితోనే కథకుడు ఎవరో, ఎంత దూరంలో నిలబడ్డాడో, ఏ కులం, ఏ వయసు కళ్లతో చూస్తున్నాడో పాఠకుడు నిర్ణయించుకుంటాడు. కరణాన్ని ‘ఆయన’ అని, పక్కనే నిలబడ్డ తలారిని ‘వాడు’ అని రాస్తే అది ఊరి పద్ధతి కావచ్చు. కానీ అలా అంటున్నది కథకుడా, ఊరా అన్నది మీకు తేటగా ఉండాలి. చాలామంది ఈ ఎంపిక చేసుకోకుండా మొదలుపెట్టి మూడో అధ్యాయానికి వచ్చేసరికి అదే పాత్రను ‘అతను’ నుంచి ‘ఆయన’కు మార్చేస్తారు. కథకుడి గొంతు స్థిరపడేది మొదటి అధ్యాయంలోనే కాబట్టి దీన్ని ముందే తేల్చుకోండి.

రెండోది వరసలు. మన ఇళ్లలో ఒకే మనిషి ఒకరికి అత్త, ఒకరికి పిన్ని, ఒకరికి వదిన, ఇంకొకరికి అవ్వ. సంభాషణలో ఎవరి పిలుపు వారిదే కావాలి, లేకపోతే కృతకంగా ఉంటుంది. కానీ కథనంలో ఆమెకు ఒక్క పేరే ఉండాలి. మీ మొదటి అధ్యాయంలో ఒకే ఇంట్లో పదకొండు మంది ఒకేసారి భోజనానికి కూర్చున్నారు, వారిలో నరసింహులు, నరసయ్య, నరసమ్మ ముగ్గురున్నారు. ఆ ప్రాంతంలో అది సహజమే. అహోబిలం నరసింహస్వామి పేరు ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. అయినా పాఠకుడి కోసం ఇద్దరి పేర్లు మార్చక తప్పదు. మొదటి అధ్యాయంలో ముగ్గురు, మహా అయితే నలుగురు పేర్లతో పరిచయమైతే చాలు. మిగిలినవాళ్లు ‘చిన్న కోడలు’, ‘పాలేరు’ అన్నట్టుగా వెనకే నిలబడి తమ వంతు కోసం ఆగుతారు.

మూడోది మాండలికం. కర్నూలు జిల్లా పల్లె మాటను ఉంచాలని మీరు తీసుకున్న నిర్ణయం మంచిది. అయితే మొదటి అధ్యాయమే పాఠకుడికి ఆ భాష నేర్పించాలి, చివర్లో ఇచ్చే అర్థాల పట్టిక నేర్పించదు. కథనం ప్రమాణ భాషలో ఉంచి సంభాషణలు మాత్రమే ఊరి మాటలో రాస్తారా, లేక ఒక పాత్రే కథ చెబుతున్నట్టు అంతా ఆ మాటలోనే నడుపుతారా అన్నది మీ ఇష్టం. ఏది ఎంచుకున్నా మొదటి రెండు పేజీల్లో అది తేలిపోవాలి, ఆపైన మారకూడదు. ప్రతి అక్షరాన్నీ పలికినట్టు రాయాలనుకోవడం మాత్రం వద్దు. ‘వస్తాండాడు’, ‘పోతాండా’, ‘యాడికి’ వంటి క్రియలూ ప్రశ్నపదాలూ నిలకడగా వాడితే చాలు, మిగతా యాసను పాఠకుడు తన మనసులో తానే పలుకుతాడు. నెల్లూరులోనో, కరీంనగర్‌లోనో, డాలస్‌లోనో కూర్చుని చదివే తెలుగువాడికి మొదటి పేరాలోనే ఐదు తెలియని మాటలు తగిలితే పుస్తకం మూసేస్తాడు. ఒక్కొక్కటిగా, సందర్భంలో అర్థమయ్యేలా వస్తే చివరికి ఆ మాటలే అతనికి నచ్చుతాయి.

మొదటి వాక్యం గురించి అందరూ అడుగుతారు, నేను మాత్రం దాని మీద ఎక్కువ సమయం పెట్టను. పిడుగు లాంటి వాక్యం కావాలని తంటాలు పడిన ఆరంభాలు సాధారణంగా రెండో వాక్యం దగ్గరే చల్లబడిపోతాయి. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది కాబట్టి అసలు విషయాన్ని చివరిదాకా అట్టిపెట్టగల వెసులుబాటు మనకు సహజంగానే ఉంది. ‘చేసి, చూసి, వచ్చి, కూర్చుని’ అంటూ గొలుసుకట్టుగా సాగే వాక్యాన్ని మాత్రం మొదటి పేరాలో మానుకోండి. నాలుగు పనులు జరిగాయి గానీ ఒక్కటీ కనబడలేదు అనిపిస్తుంది. కోడి కూయడం, సుప్రభాతం వినిపించడం, అలారం మోగడం, బస్సు దిగడం, అద్దంలో తన ముఖం చూసుకోవడం, విదేశాల్లో ఉన్న కొడుకుకు అర్ధరాత్రి ఫోను రావడం వంటి ఆరంభాలు వాడకూడదని కాదు గానీ, వాడితే ఆ తర్వాతి వాక్యం ఎవరూ ఊహించనిది అయి ఉండాలి.

గొంతు విషయంలో ఇంకొక మాట. మీ నవల మధ్యలో హాస్యం ఉందని రాశారు. పరిహారం డబ్బుతో ఊళ్లో అందరూ ఒకే రంగు ట్రాన్సిస్టర్లు కొనుక్కునే ఘట్టం గురించి చదివి నేను బాగా నవ్వుకున్నాను. కానీ మొదటి అధ్యాయం అంతా గంభీరంగా, దాదాపు కన్నీళ్లతో ఉంది. ఈ నవలలో నవ్వవచ్చని పాఠకుడికి అక్కడ తెలియకపోతే, తర్వాత నవ్వు వచ్చినప్పుడు తప్పు చేస్తున్నట్టు ఇబ్బంది పడతాడు. విషాదానికి భంగం కలుగుతుందని భయపడకండి. టేపు పట్టుకున్న కరణం మిద్దె మీద ఎండబెట్టిన మిరపకాయలను కూడా ఆస్తిలో రాయాలా అని తబ్బిబ్బు పడడం వంటి చిన్న సందు ఒకటి తెరిచి ఉంచితే చాలు.

పొడవు సంగతి తొందరగా చెప్పేస్తాను. డెమ్మీ సైజు పుస్తకంలో పేజీకి సుమారు 200 నుంచి 250 మాటలు పడతాయి. మొదటి అధ్యాయం పది పన్నెండు పేజీలు దాటకపోతే మంచిది. మీది ఇరవై ఎనిమిది పేజీలుంది. దాన్ని నరకవద్దు, విడదీయండి. అందులో కనీసం మూడు అధ్యాయాలకు సరిపడా సరుకు ఉంది. ఇంకో సంగతి, ఇది మీ చేతిలో ఉన్నదే: అచ్చు వేసేటప్పుడు ముందుమాటలు పుస్తకం చివరికి పంపించండి. ముగ్గురు పెద్దలు ముప్పై పేజీల్లో కథంతా చెప్పేసి, పాత్రలను విశ్లేషించి, చివరికి ‘ఇక మీరు చదవండి’ అని వదిలాక మీరు ఎంత జాగ్రత్తగా రాసిన మొదటి అధ్యాయమైనా ఏం చేయగలదు?

ఎప్పుడు రాయాలన్నది కూడా ముఖ్యమే. మీ ఉత్తరాన్ని బట్టి నవల ఇంకా సగం దగ్గరే ఉందని తెలుస్తోంది. అలాంటప్పుడు మొదటి అధ్యాయాన్ని ఇక ముట్టుకోవద్దు. పైన చెప్పినట్టు ఒక పని, ఒక అడ్డు దొరికితే కాగితం మీద ఒక పేజీలో గుర్తు రాసుకుని ముందుకు వెళ్లిపోండి. నవల పూర్తయ్యే వరకు ఆ అవ్వ ఎందుకు వద్దన్నదో మీకే సరిగా తెలియకపోవచ్చు. తెలిశాక రాసిన మొదటి అధ్యాయానికీ, తెలియకముందు రాసినదానికీ చాలా తేడా ఉంటుంది. నేను మొదటి అధ్యాయం తుది రూపాన్ని చివరి అధ్యాయం రాసిన వారంలోనే రాస్తాను, రెండూ పక్కపక్కన పెట్టుకుని. మొదటిదానిలో లేవనెత్తిన ప్రశ్నను చివరిది తాకకపోతే రెండింట్లో ఏదో ఒకటి మారాలి. ఎక్కువసార్లు మారేది మొదటిదే.

ఇక ఎవరికి చూపించాలన్న ప్రశ్న. మీ కథ మీ నోటి నుంచి ఇప్పటికే విన్న మిత్రులకు చూపించి లాభం లేదు. లేనిదాన్ని వాళ్లు తమ జ్ఞాపకంలోంచి పూరించుకుని చదువుతారు. నవలలు క్రమం తప్పకుండా చదివే అలవాటు ఉండి, మీ కథ గురించి ఏమీ తెలియని ఇద్దరు చాలు. వారిలో ఒకరు కర్నూలు ప్రాంతం ఎరగనివారైతే మరీ మంచిది. బాగుందా అని అడగకండి, బాగుందనే అంటారు. అధ్యాయం చదివి కాగితాలు పక్కన పెట్టాక మూడు సంగతులు అడగండి: ఇది ఎవరి కథ అనుకుంటున్నారు, ఆ మనిషికి ఏం కావాలి, మీకు తెలుసుకోవాలనిపిస్తున్నది ఏమిటి. మొదటి రెండింటికీ ఇద్దరూ ఒకే జవాబు చెప్పి, మూడోదానికి వేర్వేరు జవాబులు చెబితే అధ్యాయం పని చేస్తున్నట్టే. ‘ఇది ఊరి కథ’ అని ఇద్దరూ అంటే మాత్రం మళ్లీ కరణం టేపు దగ్గరికో, ముసలాయన పని దగ్గరికో వెళ్లండి. పత్రికకో, ప్రచురణకర్తకో మొదటి అధ్యాయం ఒక్కటే పంపవచ్చా అని కూడా అడిగారు. వాళ్లు అడిగితే తప్ప వద్దు. అడిగితే దానితో పాటు కథాసంగ్రహం ఒకటి రెండు పేజీల్లో, ముగింపుతో సహా జతచేయండి. సంపాదకుడి దగ్గర ముగింపు దాచి ‘పుస్తకంలో చదవండి’ అని రాస్తే, నవల పూర్తి కాలేదనే ఆయన అనుకుంటాడు.